గడప దాటని కలరా క్రిమి

ఈ ఎపిసోడ్‌ని సికింద్రాబాద్‌లో మొదలుపెడదాం.

ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళి బోనాలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ గుడి ఎలా వచ్చిందో చెప్పే కథలో ఒక జబ్బు ఉంది. 1813లో జంటనగరాల్లో కలరా చెలరేగి జనం పిట్టల్లా రాలిపోతున్నారట. అప్పుడు సైన్యంలో పనిచేస్తున్న సురిటి అప్పయ్య అనే ఆయన దళంతో పాటు ఉజ్జయినిలో ఉన్నాడు. ఊళ్లో జనం బతికి బయటపడితే అమ్మవారిని మా ఊళ్లో నిలబెట్టుకుంటామని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడు. జబ్బు తగ్గింది. 1815లో తిరిగొచ్చి అమ్మవారిని ప్రతిష్ఠించాడు. గుడి చరిత్రగా తరతరాలుగా చెప్పుకునే కథ ఇది.

తెలంగాణలో ఈ జబ్బును గత్తర అనేవారు. కోస్తాలో వాంతిభేది అన్నారు. పాత వైద్య గ్రంథాల్లో విషూచి అంటారు. ఇన్ని పేర్లున్నాయంటేనే ఇది మన వాళ్ల బతుకుల్లోకి ఎంతగా చొచ్చుకొచ్చిందో అర్థమవుతుంది. పొద్దున పొలానికి వెళ్లిన మనిషి సాయంత్రానికి శవమైపోయే జబ్బు ఇది. అందుకే ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి పారిపోయేవారు.

ఇవాళ నేను చెప్పబోయేది ఆ జబ్బు కథ మొత్తం కాదు. అందులో ఒక్క ప్రశ్న మాత్రమే. కలరా క్రిమి మన ఒంట్లో సరిగ్గా ఎక్కడ కూర్చుంటుంది? మన కణాల్లోకి దూరుతుందా, బయటే ఉండిపోతుందా? వినడానికి ఇది పరీక్ష పేపర్లో రెండు మార్కుల ప్రశ్నలా ఉంటుంది. కానీ దీనికి సరైన జవాబు రావడానికి 75 ఏళ్లు పట్టింది. ఆ జవాబు ఇచ్చింది కలకత్తాలోని ఒక డాక్టరు. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో నాకైతే కనపడలేదు.

ముందు జబ్బు సంగతి చూద్దాం. కలరా బాగా ముదిరిన మనిషికి గంటకు దాదాపు లీటరు నీరు విరేచనంగా పోతుంది. అందులో మలం ఉండదు, రక్తం ఉండదు, చీము ఉండదు. బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా ఉంటుంది. కళ్లు లోతుకుపోతాయి, చర్మం ముడతలు పడుతుంది, గొంతు పూడుకుపోతుంది, నాడి అందదు. జ్వరం పెద్దగా ఉండదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

1883లో ఈజిప్టులో కలరా వచ్చింది. జర్మనీ నుంచి రాబర్ట్ కోక్ బృందం, ఫ్రాన్స్ నుంచి పాశ్చర్ శిష్యుల బృందం అలెగ్జాండ్రియాకు పరుగెత్తుకొచ్చాయి. ఫ్రెంచి బృందంలో లూయీ తుయీయే అనే కుర్ర శాస్త్రవేత్త అక్కడే కలరా సోకి చనిపోయాడు. అంతలో ఈజిప్టులో జబ్బు తగ్గుముఖం పట్టింది. దాంతో కోక్ కలరాను వెతుక్కుంటూ కలకత్తాకు వచ్చాడు. 1883 డిసెంబరులో దిగాడు. 1884 జనవరి నాటికి కామా గుర్తులా వంకరగా ఉన్న ఒక బాక్టీరియాను విడిగా పెంచగలిగాడు. జనం స్నానాలు చేసే, బట్టలు ఉతికే, తాగడానికి కూడా వాడే ఒక చెరువు నీళ్లలో అదే క్రిమి దొరికింది.

న్యాయంగా ఇంకో పేరు కూడా చెప్పాలి. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఫిలిప్పో పచీనీ అనే డాక్టరు 1854లోనే ఈ క్రిమిని మైక్రోస్కోపులో చూశాడు. విబ్రియో కలరే అనే పేరు కూడా ఆయన పెట్టిందే. కానీ అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

సరే, కోక్‌కు క్రిమి దొరికింది. కానీ ఒక చిక్కు వచ్చిపడింది. ఒక క్రిమి వల్లే ఒక జబ్బు వస్తుందని నిరూపించాలంటే, దాన్ని జంతువుకు ఎక్కించి అదే జబ్బు తెప్పించి చూపాలి. ఆ కాలం నియమం అది. కోక్ బృందం చాలా రకాల జంతువుల మీద ప్రయత్నించింది. అసలు కలరా రాలేదు. అయినా ఆయన ఒక మంచి ఊహ చేశాడు. ఈ క్రిమి పేగులో ఉండి ఏదో విషం వదులుతుంది, మనిషిని చంపేది ఆ విషమే అన్నాడు. 1884లోనే అన్నాడు. కానీ చూపించలేకపోయాడు.

ఆ సందులో అనుమానాలు పెరిగాయి. మ్యూనిక్‌లో పెట్టెన్‌కోఫర్ అనే పెద్దాయన క్రిమి ఒక్కటే చాలదు, నేల, వాతావరణం కూడా కలవాలి అని వాదించేవాడు. 1892 అక్టోబరులో, 73 ఏళ్ల వయసులో, కలరా క్రిములు పెంచిన ద్రవాన్ని అందరి ముందూ తాగేశాడు. కడుపులో ఆమ్లం క్రిముల్ని చంపేస్తుందేమో అన్న సందు కూడా ఉండకూడదని సోడా ఉప్పు కలుపుకుని మరీ తాగాడు. ఆయనకు కొద్దిగా విరేచనాలయ్యాయి, అంతే. నేనే గెలిచాను అన్నాడు. అదే ఏడాది హాంబర్గ్‌లో కలరాతో 8 వేల మందికి పైగా చనిపోయారు. ఆయన అదృష్టం ఆయన్ని కాపాడింది, హాంబర్గ్ వాళ్లను కాపాడలేదు.

ఇక్కడి నుంచి సైన్సు రెండు తప్పుదారులు పట్టింది. ఈ రెండూ అర్థమైతే మన కలకత్తా డాక్టరు చేసిన పని విలువ అర్థమవుతుంది.

మొదటి తప్పుదారి. కోక్ శిష్యుడు రిచర్డ్ ఫైఫర్ 1892లో కలరా క్రిమి శరీరంలోనే ఒక విషం ఉంది, క్రిమి చచ్చి పగిలినప్పుడు అది బయటికొస్తుంది అని చెప్పాడు. దానికి ఎండోటాక్సిన్ అని పేరు. అంటే లోపలి విషం. ఇది అబద్ధం కాదు, అలాంటి పదార్థం నిజంగానే ఉంది. కానీ కలరాకు కారణం అది కాదు. అయినా ఆ తర్వాత చాలామంది దాని వెంటే పడ్డారు. క్రిముల్ని జంతువుల రక్తంలోకి, పొట్టలోకి సూదితో ఎక్కించారు. జంతువులు చచ్చిపోయేవి. కానీ వాటికి విరేచనాలు అయ్యేవి కావు. నీళ్ల విరేచనాలు లేని కలరా ఏం కలరా చెప్పండి!

రెండో తప్పుదారి. కలరాతో చనిపోయిన వాళ్ల శవాలు కోసి చూసినప్పుడు పేగు లోపలి పొర ఊడిపోయి కనిపించేది. జర్మనీలో విర్కో లాంటి మహామహులే ఈ క్రిమి పేగు పొరను ఒలిచేస్తుంది, ఆ పచ్చిపుండులోంచి నీరు కారిపోతుంది అని నమ్మారు. కాలిన చర్మంలోంచి నీరు ఊరినట్టు అనుకోండి. కంటికి కనిపిస్తోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఒకరిద్దరు వచ్చినా వాళ్ల మాట నిలబడలేదు.

మరి నిజం ఏమిటంటే, మనిషి చనిపోయిన కొద్ది గంటల్లోనే పేగు పొర దానంతట అదే పాడైపోతుంది, వేడి దేశాల్లో అయితే ఇంకా తొందరగా. వాళ్లు చూసింది చావు తర్వాత జరిగినదాన్ని. దాన్నే చావుకు కారణం అనుకున్నారు.

ఇప్పుడు మన డాక్టరు గారి దగ్గరికి వద్దాం. ఆయన పేరు శంభునాథ్ దే. 1915 ఫిబ్రవరి 1న బెంగాల్లో హుగ్లీ జిల్లా గరిబాటి అనే ఊళ్లో, సాధారణ కుటుంబంలో పుట్టాడు. కలకత్తా మెడికల్ కాలేజీలో చదివాడు. తర్వాత లండన్‌లో సర్ రాయ్ కామెరాన్ దగ్గర పరిశోధన చేసి 1949లో పీహెచ్‌డీతో తిరిగొచ్చాడు. లండన్‌లో ఆయన పని కలరా మీద కాదు. కానీ కలకత్తాలో రోగనిర్ధారణ విభాగంలో పనిచేసే మనిషికి కలరా ఎదురవకుండా ఎలా ఉంటుంది? ఏటా వార్డులు నిండేవి, ఏటా శవాలు బల్ల మీదికి వచ్చేవి.

ఆయన వేసుకున్న ప్రశ్న చాలా మామూలుది. జబ్బు పేగులో కదా ఉంది, మనం సూదిని రక్తంలో ఎందుకు పొడుస్తున్నాం?

మరి కుందేలుకు క్రిముల్ని నోటితో తాగిస్తే సరిపోదా అంటారా? అది పనిచేయలేదు. కుందేలు కడుపులోని ఆమ్లం చాలా క్రిముల్ని చంపేస్తుంది. మిగిలినవి చిన్నపేగులో నిలదొక్కుకోకుండానే పేగు కదలికలతో కిందికి కొట్టుకుపోతాయి. అందుకని దే ఒక పని చేశాడు. కుందేలుకు మత్తిచ్చి, పొట్ట తెరిచి, చిన్నపేగులో కొన్ని అంగుళాల ముక్కను రెండు చివరలా దారంతో కట్టేశాడు. పేగును కోసి బయటికి తీయలేదు, రక్తప్రసారం అలాగే ఉంది. రెండు ముడుల మధ్య ఒక సంచిలా తయారైంది, అంతే. అందులోకి కలరా క్రిములున్న ద్రవం ఎక్కించాడు. పక్కనే ఇంకో సంచి కట్టి అందులో క్రిములు లేని ద్రవం వేశాడు. పొట్ట మూసేసి ఒక రోజు ఆగాడు.

మర్నాడు తెరిచి చూస్తే క్రిములు లేని సంచి చప్పబడి ఉంది. క్రిములున్న సంచి బెలూనులా ఉబ్బిపోయి ఉంది. లోపల కలరా రోగికి అయ్యే విరేచనం లాంటి నీరే. డి.ఎన్. ఛటర్జీతో కలిసి ఈ సంగతిని 1953లో ప్రచురించాడు. కోక్ కాలం నుంచి అందకుండా పోయిన దృశ్యం, పేగు ముక్క, దారం, సూది, కుందేలు, ఇంతటితో దొరికింది.

ఇలాంటి ప్రయత్నం ఒకటి 1915లోనే జరిగింది కానీ దాన్ని లోకం మర్చిపోయింది. దే దాన్ని సొంతంగా మళ్లీ కనిపెట్టి, గట్టి పద్ధతిగా నిలబెట్టాడు. అదే పద్ధతితో 1956లో ఇంకో సంగతి కూడా చూపించాడు. మన అందరి పేగుల్లో ఉండే ఈ-కొలై బాక్టీరియాలో కొన్ని రకాలు కూడా పేగు సంచిని ఇలాగే నీళ్లతో నింపుతాయి. ఈరోజు పసిపిల్లల విరేచనాలకు, ప్రయాణాల్లో వచ్చే విరేచనాలకు ఒక పెద్ద కారణంగా మనకు తెలిసిన రకం అది.

కానీ అసలు ప్రశ్న మిగిలే ఉంది. సంచి ఉబ్బింది సరే. క్రిమి కణాల్లోకి దూరడం వల్ల ఉబ్బిందా, బయట ఉండి విషం వదలడం వల్లా?

దే ఈసారి క్రిముల్ని పెంచిన ద్రవాన్ని వడకట్టాడు. బాక్టీరియా ఒక్కటి కూడా దాటలేని వడపోత అది. క్రిములు ఒక పక్కన ఉండిపోయాయి, వట్టి ద్రవం ఇవతలికి వచ్చింది. ఆ ద్రవాన్ని పేగు సంచిలో వేశాడు. సంచి ఉబ్బింది.

ఒక్క నిమిషం దీని గురించి ఆలోచించండి. ఆ సంచిలో బతికున్న క్రిమి లేదు, చచ్చిన క్రిమి కూడా లేదు. కాబట్టి దూరడం అనే మాటే లేదు. క్రిమి చచ్చి పగిలితే వచ్చే విషం అన్న వాదన కూడా పోయింది. బతికున్నప్పుడే క్రిమి బయటికి వదిలే పదార్థం ఒకటి ఉంది, అదొక్కటే మొత్తం పని చేస్తోంది. 1959 మే 30న నేచర్ పత్రికలో రెండు పేజీల చిన్న వ్యాసంగా ఇది వచ్చింది. కోక్ 1884లో ఊహించినదాన్ని, ఆయన క్రిమిని పట్టుకున్న అదే నగరంలో 75 ఏళ్ల తర్వాత దే నిరూపించాడు. అదే ఏడాది బొంబాయిలో ఎన్.కె. దత్తా బృందం కుందేలు పిల్లల మీద ఇంకో దారిలో ఇలాంటి నిర్ణయానికే వచ్చింది. ఇద్దరూ మన దేశం వాళ్లే.

మరుసటి ఏడాది, అంటే 1960లో, బాంకాక్ నుంచి ఇంకో సాక్ష్యం వచ్చింది. ఈసారి శవాలు కాదు, బతికున్న రోగులు. గొంతులోంచి పేగులోకి జారవిడిచే ఒక చిన్న పరికరంతో గంగరోసా బృందం కలరా రోగుల పేగు పొర నుంచి చిటికెడు ముక్కలు తీసి మైక్రోస్కోపులో చూసింది. పొర ఊడిపోలేదు, కణాలు వరసగా నిలబడి ఉన్నాయి. గోడ చెక్కుచెదరలేదు. రెండో తప్పుదారి కూడా అక్కడితో మూసుకుపోయింది.

ఇప్పుడు పోలిక కోసం ఇంకో క్రిమిని చూద్దాం. షిగెల్లా. రక్తవిరేచనాలు తెప్పించే క్రిమి ఇది. 1964లో అమెరికాలో లాబ్రెక్, ఫార్మల్ బృందం దీని మీద పనిచేసి, ఇది పేగు కణాల్లోకి దూరగలిగితేనే జబ్బు వస్తుందని చూపించింది. దూరే శక్తి పోయిన రకానికి జబ్బు తెప్పించే శక్తి కూడా పోయింది. షిగెల్లా లోపలికి వెళ్లి, అక్కడే పెరిగి, పక్క కణంలోకి పాకుతుంది. శరీరం దానితో యుద్ధానికి దిగుతుంది. అందుకే జ్వరం, నొప్పి, రక్తం, చీము. కలరాలో ఇవేవీ ఎందుకు ఉండవో ఇప్పుడు తెలిసింది కదా? కలరా క్రిమి గడప దాటదు. గుమ్మంలోనే కూర్చుంటుంది.

మరి గుమ్మంలో కూర్చోవడం కూడా అంత తేలికేం కాదు. పేగు లోపల ఎప్పుడూ ప్రవాహం ఉంటుంది, పైన జిగురు పొర ఉంటుంది. పట్టు దొరక్కపోతే క్రిమి కొట్టుకుపోతుంది. కలరా క్రిమికి ఒక తోక ఉంది. దాన్ని తిప్పుకుంటూ జిగురులోంచి ఈదుకుంటూ కణాల దాకా వస్తుంది. వచ్చాక సన్నటి దారపు పోగుల్లాంటివి బయటికి పెడుతుంది. వీటిని పిలస్ అంటారు. 1987లో అమెరికాలో రొనాల్డ్ టేలర్, జాన్ మెకలనోస్ బృందం ఈ పోగుల్ని గుర్తించింది. ఈ పోగులతో క్రిములు ఒకదానికొకటి పెనవేసుకుని, గుంపులుగా పేగు గోడ మీద కాపురం పెడతాయి. పోగులు లేని క్రిమి మనిషి పేగులో నిలదొక్కుకోలేదు. క్రిమి ఈ పోగుల్ని తయారుచేసేటప్పుడే విషాన్ని కూడా తయారుచేస్తుంది. రెంటినీ కలిపే నడిపిస్తుంది. అందుకే ఆ పోగులకు టాక్సిన్‌తో జతగా నడిచే పిలస్ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

ఇక్కడ నన్ను బాగా ఆశ్చర్యపరిచిన విషయం ఒకటుంది. విషం తయారీకి కావలసిన జన్యువు అసలు కలరా క్రిమి సొంతం కాదు! 1996లో మాథ్యూ వాల్డర్, మెకలనోస్ చూపించారు. అది ఒక వైరస్ తెచ్చిపెట్టిన జన్యువు. బాక్టీరియాకు సోకే వైరస్‌లు ఉంటాయి, వాటిని ఫేజ్‌లు అంటారు. అలాంటి ఒక ఫేజ్ కలరా క్రిమిలోకి వెళ్లి ఈ జన్యువును అక్కడ పెట్టింది. మరి ఆ ఫేజ్ క్రిమిని ఎక్కడ పట్టుకుని లోపలికి వెళ్తుందో తెలుసా? ఆ పోగునే పట్టుకుని! మన పేగును పట్టుకోవడానికి క్రిమి బయటపెట్టిన పోగే, ఆ క్రిమిలోకి వైరస్ రావడానికి దారి అయింది. మనల్ని పట్టుకునే దాన్ని ఇంకొకటి పట్టుకుంటోంది అన్నమాట.

క్రిమి గుమ్మంలో ఉంది. మరి లోపలికి వెళ్లేది ఏమిటి? విషం. 1969లో రిచర్డ్ ఫింకెల్‌స్టీన్, లోస్పల్లూటో దాన్ని శుద్ధిగా వేరుచేశారు. దాని నిర్మాణం తెలిశాక కథ స్పష్టమైంది. అందులో రెండు రకాల భాగాలున్నాయి. అయిదు ముక్కలు ఒక వలయంలా కూర్చుని పేగు కణం పైన ఉండే జీఎమ్1 అనే కొవ్వు పదార్థాన్ని పట్టుకుంటాయి. అయిదు వేళ్లతో పట్టుకున్నట్టు. ఇవి పట్టుకోవడానికే, చంపడానికి కాదు. ఆరో ముక్క అసలు పనివాడు. పట్టు దొరికాక కణమే ఈ విషాన్ని తనలోకి తీసుకుంటుంది. కణం లోపల సరుకు రవాణా జరిగే దారులుంటాయి కదా, వాటిలో ఎదురు ప్రయాణం చేసి ఆ ఆరో ముక్క లోపలికి చేరుతుంది.

చేరి ఏం చేస్తుంది? దేన్నీ విరగ్గొట్టదు. ఒక స్విచ్‌ని నొక్కి అలాగే బిగించేస్తుంది. మామూలుగా ఆ స్విచ్ వెలిగి ఆరిపోతూ ఉండాలి. ఇప్పుడు ఆరదు. దాంతో కణం తనలోని క్లోరైడును ఆపకుండా పేగులోకి తోడేస్తుంది. క్లోరైడు వెంట సోడియం, ఆ రెండింటి వెంట నీరు. ఉప్పు ఎటు పోతే నీరు అటు పోతుంది, ఊరగాయ జాడీలో చూసే విషయమే. కణం బతికే ఉంటుంది, గోడ నిలబడే ఉంటుంది. కానీ మనిషి ఎండిపోతాడు.

ఇదంతా తెలిసి ఏమిటి లాభం అని మీరు అడగొచ్చు. చెబుతాను, ఈ ఎపిసోడ్ చేసిందే అందుకు.

నా చిన్నప్పుడు విరేచనాలవుతుంటే మంచినీళ్లు ఇచ్చేవారు కాదు. తాగితే ఇంకా ఎక్కువ పోతాయి అనేవారు. చూస్తే నిజమే అనిపిస్తుంది కూడా. పేగు పొర ఊడిపోయి ఉంటే ఆ మాట కొంత నిజమయ్యేది, పీల్చుకునే కణాలే ఉండవు కాబట్టి. కానీ గోడ చెక్కుచెదరలేదని తేలింది కదా. అంటే నీటిని లోపలికి తీసుకునే ఏర్పాటు కూడా అక్కడే ఉండాలి. ఉంది. పేగు కణాల్లో గ్లూకోజునూ సోడియాన్నీ జతగా లోపలికి లాగే ఒక తలుపు ఉంది. 1960లో రాబర్ట్ క్రేన్ ఈ సంగతి ప్రతిపాదించాడు. కలరా విషం ఆ తలుపు జోలికి వెళ్లదు. వట్టి నీళ్లిస్తే నిలవవు, వట్టి ఉప్పునీళ్లిచ్చినా చాలదు. ఉప్పుతో పాటు గ్లూకోజు కూడా ఉంటే ఆ తలుపులోంచి రెండూ లోపలికి వస్తాయి, వాటి వెంట నీరూ వస్తుంది.

1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ రోగుల మీద దీన్ని చేసి చూపించారు. అసలు పరీక్ష మాత్రం 1971లో వచ్చింది. బంగ్లాదేశ్ యుద్ధకాలంలో లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి బెంగాల్లోకి వచ్చారు. బన్‌గావ్‌లో కలరా. ఆసుపత్రి నేల మీద రోగులు, సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ తెగించి ఒక నిర్ణయం తీసుకున్నాడు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల సోడా ఉప్పు. పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో కలిపించి, తల్లులకూ చెల్లెళ్లకూ ఇచ్చి తాగించమన్నాడు. అంతకుముందు అక్కడ నూటికి ముప్ఫై మంది చనిపోతుంటే, ఆ తర్వాత లెక్క 3.6 శాతానికి పడిపోయింది. ఇప్పుడు మందుల షాపులో కొద్ది రూపాయలకు దొరికే ఓఆర్‌ఎస్ పొట్లం కథ ఇదే.

ఇంకో చిన్న కథ చెప్పి ముగిస్తాను. కలరా క్రిమి మన పేగునే కాదు, నీళ్లలో ఉండే కంటికి కనబడీ కనబడని రొయ్యజాతి పురుగుల్ని కూడా పట్టుకుని ఉంటుంది. వాటిని కోపిపాడ్‌లు అంటారు. రీటా కాల్వెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీనిమీద చాలా ఏళ్లు పనిచేసింది. క్రిమి విడిగా ఉంటే బట్టలోంచి జారిపోతుంది, కానీ పురుగును పట్టుకుని ఉంది కాబట్టి పురుగుతో పాటు చిక్కుతుంది. ఈ ఆలోచనతో బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో 65 గ్రామాల్లో పరీక్ష చేశారు. పాత చీరను మడతలు పెట్టి బిందె మూతికి కట్టి నీళ్లు వడకట్టమన్నారు. 2003లో ఫలితం వచ్చింది. కలరా 48 శాతం తగ్గింది. మన అమ్మమ్మలు బిందె మూతికి పాత గుడ్డ కట్టేవారే, అది! క్లోరిన్‌కు, కాచిన నీళ్లకు అది బదులు కాదు. అవేవీ లేని చోట మాత్రం సగం ప్రాణాలు నిలబెట్టగల పని.

మరి శంభునాథ్ దే ఏమయ్యాడు? 1973లో రిటైర్ అయ్యాడు. 1978లో కలరా మీద జరిగిన నోబెల్ సింపోజియానికి ఆయన్ని స్టాక్‌హోమ్ పిలిచారు. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును నోబెల్‌కు ఒకటికి రెండుసార్లు సూచించాడు. మన దేశంలో ఆయన బతికుండగా ఏ సైన్సు అకాడమీ సభ్యత్వం ఇవ్వలేదు, పెద్ద అవార్డేదీ రాలేదు. 1985 ఏప్రిల్ 15న చనిపోయాడు. 1990లో కరెంట్ సైన్స్ పత్రిక ఆయన మీద ప్రత్యేక సంచిక వేసింది. అయిదేళ్లు ఆలస్యంగా.

నాకు ఆయన కథలో నచ్చేది, ఆయన దగ్గర గొప్ప యంత్రాలు లేకపోవడం కాదు. పేదరికాన్ని మెచ్చుకోవడం మంచిది కాదు, ఉంటే ఇంకెంత చేసేవాడో. నచ్చేది ఏమిటంటే, వెతకాల్సిన చోట వెతికాడు. అందరూ రక్తంలో చూస్తుంటే ఆయన పేగులో చూశాడు. అందరూ క్రిమిని చూస్తుంటే ఆయన క్రిమిని తీసేసి మిగిలినదాన్ని చూశాడు.

చివరగా ఇంట్లో పనికొచ్చే మాట. నీళ్ల విరేచనాలు మొదలైతే నీళ్లు ఆపకండి, వెంటనే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టండి, పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. రక్తం పడినా, జ్వరం వచ్చినా, మనిషి సోలిపోతున్నా, తాగింది నిలవకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. గుమ్మంలో కూర్చున్న క్రిమికీ, ఇంట్లోకి దూరిన క్రిమికీ వైద్యం ఒకటి కాదు.

వచ్చే ఆషాఢంలో బోనాలకు వెళ్తే, అప్పయ్య మొక్కుతో పాటు దే కట్టిన ఆ దారం ముడిని కూడా ఒక్కసారి తలచుకోండి. ఇద్దరూ అడిగింది ఒకటే, మా ఊళ్లో జనం బతకాలని.